నలుపు తేలేదాకా

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద కాసేపు కూర్చుంటాను. పిల్లలు చుట్టూ చేరతారు. "అమ్మమ్మా, నువ్వు ఉజ్జోగం సేసినావంట కదా, ఏటి ఉజ్జోగం?" అని అడుగుతారు. "చేపల్ని చూసే ఉద్యోగం" అంటే పకపకా నవ్వుతారు. చేపల్ని పట్టేవాళ్లు, అమ్మేవాళ్లు, కోసేవాళ్లు వాళ్లకి తెలుసు. ఊరికే చూసినందుకు జీతం ఎవరిస్తారు? నాకిచ్చారు. దేవునికి స్తోత్రం, కళ్లు మసకబారేదాకా ఇచ్చారు.

ఈ మధ్యనే పనుల్లో చేరిన మా సంఘం అమ్మాయిలు కొందరు ఆ రోజుల గురించి రాయమన్నారు. రాయడానికి కూర్చుంటే నా గురించి ఏమీ తోచలేదు. తొట్టికి అవతలి పక్క నిలబడి నాతో పాటు చేపల్ని చూసిన ఒకావిడే గుర్తుకొస్తోంది. ఆవిడ పేరు రాయను. మేమిద్దరం ఒకరినొకరు వదినా అనే పిలుచుకునేవాళ్లం. ఇక్కడా వదిన అనే రాస్తాను.

నేను బడి మొహం చూడలేదు. బొబ్బిలి దగ్గర మా ఊళ్లో తమ్ముళ్లను ఎత్తుకోవడంతోనే నా బడి ఈడు గడిచిపోయింది. మా నాన్న సాయంత్రాలు బైబిలు ముందు పెట్టి, వేలు పట్టుకుని అక్షరాలు చూపించాడు. నాకు గుణింతాలు వచ్చేసరికి ఆదికాండం అయిపోయింది. అందుకే ఇప్పటికీ నా రాతలో పాదిరిగారి ప్రసంగం వాసన వస్తుందని మా వాళ్లు ఎగతాళి చేస్తారు. పెళ్లయ్యాక శృంగవరపుకోట వచ్చాను. కొండల వైపు పోయే దారిలో ఒక చేపల ఫారం ఉండేది. మొదట్లో అక్కడ బొచ్చె, శీలావతి పిల్లల్ని పెంచేవారు. తరవాత ఓనరు గారికి రంగు చేపల మీద మనసు పోయింది. కోయి అనే జపాను చేపలు తెచ్చారు. వాటిని ఏరడానికి ఓపికున్న ఆడవాళ్లు కావాలన్నారు. అలా చేరాం నేనూ, వదినా.

కోయిని పైనుంచి చూడాలి. అద్దాల తొట్టెలో పెట్టి పక్కనుంచి చూసే చేప కాదు అది. నీలం రంగు టబ్బులో నీళ్లు పోసి, చేపని అందులో వదిలి, వంగి వీపు చూడాలి. ముందు ఒడ్డూ పొడుగూ, తరవాత చర్మం మెరుపు, ఆ తరవాతే రంగులు. ఈ వరస తప్పితే రంగు చూసి మోసపోతాం. మూడు రంగుల చేపల్లో రెండు జాతులు కొత్తవాళ్లని తికమక పెడతాయి. రెండిట్లోనూ తెలుపూ ఎరుపూ నలుపూ ఉంటాయి. సంకే అనేదానికి ఒళ్లు తెలుపు. దాని మీద ఎర్రటి మచ్చలు, వీపు మీద మాత్రం నల్లటి చుక్కలు. తల మీద నలుపు ఉండకూడదు. షోవా అనేదానికి నలుపే ఒళ్లు. ఆ నలుపు తల మీదికి ఎక్కుతుంది, పొట్ట దాకా చుట్టుకుంటుంది, పక్క రెక్కల మొదట్లో గుండ్రంగా కూర్చుంటుంది. ఆ పేర్లు వదిన నోటికి పట్టేవి కావు. సంకేని బొట్లపిల్ల అనేది. షోవాని మసిపిల్ల అనేది, ఎందుకంటే అవి గుడ్లలోంచి వచ్చిన కొద్ది రోజులకే దీపం మసిలా నల్లగా కనిపిస్తాయి. నల్లగా ఉన్నవి ఉంచి, మిగతావి తీసెయ్యాలి.

తీసేసినవి కొరమేను చెరువులోకి పోయేవి. కొరమేనుకి అదే తిండి. మొదటి రోజు నాకు చెయ్యి రాలేదు. కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటుంటే వదిన చూసింది.

"ఏటి వదినా, నిద్రొస్తందా?"

"ప్రార్థన చేసుకుంటున్నాను."

"ఎవల కోసం, సేప కోసమేటి?" అని, మళ్లీ అడిగింది. "మీ పెబువు రొట్టెలూ సేపలూ జనానికి పంచినాడంట కదా. అవి ఏ గ్రేడు సేపలో ఏరి మరీ పంచినాడేటి?"

"ఏరలేదు వదినా. ఉన్నవి పట్టుకుని అందరికీ సరిపెట్టాడు."

"అయితే మన ఫారంలో ఆయనకి ఉజ్జోగం దొరకదు."

మా మేనేజరు గారు కూడా నవ్వేశాడు. ఆయన గోదావరి వైపు అబ్బాయి, చేపల చదువు చదువుకుని వచ్చాడు. మాకు ఈ విద్యంతా నేర్పింది ఆయనే. ఒక పద్ధతి కూడా పెట్టాడు. చేప కాస్త పెరిగాక తీసెయ్యాలంటే ఒక్కరి మాట చాలదు. తొట్టికి ఇటొకరు, అటొకరు ఉంటారు. పనికిరాదనుకున్నవాళ్లు తొట్టి అంచు మీద చెయ్యి వెయ్యాలి. రెండు చేతులూ పడితేనే చేప బయటికి. ఒక్క చెయ్యే పడితే మళ్లీ ఏరే దాకా అది ఉంటుంది. "రెండు జతల కళ్లుండాలండీ, ఒకళ్లకి విసుగొస్తే ఇంకొకళ్లకి రాదు కదండీ" అనేవాడు. మంచి పద్ధతి. ఇప్పటికీ ఇంట్లో ఏ విషయం తేలకపోయినా మా కోడలు బల్ల మీద చెయ్యి పెట్టి నా వంక చూస్తుంది.

ఒక ఏడాది మసిపిల్లల్లో ఒక ఆడ చేప మంచి కట్టుతో ఎదిగింది. వీపు వెడల్పు, తోక మొదలు బలం, ఎరుపు కుంకుమలా చిక్కన. అంతా బాగుంది, నలుపే పోయింది. చిన్నప్పుడు కాటుకలా ఉన్నది, పెరిగేకొద్దీ వెలిసిపోయి, చర్మం కింద నీలం నీడలా మిగిలింది. చేతి మీద దెబ్బ తగిలి మానుతున్నప్పుడు కమిలినట్టు ఉంటుంది చూడండి, అలాగ. చూసీ చూడగానే చెయ్యి వేశాను. వదిన చేతులు చీర కొంగులో దాచుకుంది.

"వెయ్యవేటి?"

"ఎయ్యను. నలుపు పోనేదు వదినా, కిందకి దిగినాది. రెక్కల మొదలు సూడు."

చూశాను. పక్క రెక్కల మొదట్లో రెండు నల్లటి గుండ్రాలు చెక్కు చెదరకుండా ఉన్నాయి.

మేనేజరు గారు వంగి చూసి, "ఉందండీ. అక్కడ ఉందంటే పైకి రావచ్చండి. రాకపోవచ్చు కూడానండి. నేనైతే చెప్పలేను" అన్నాడు.

"వస్తాది" అంది వదిన. "నాను సూస్తాను."

ఆ తరవాత ప్రతి ఏరుడులోనూ ఇదే తంతు. నేను చెయ్యి వేసేదాన్ని, ఆవిడ కొంగులో చేతులు దాచుకునేది. "ఆ మసిపిల్లకి మేనత్తవేటే నువ్వు" అని ఏడిపించేదాన్ని. "అవును, నామకరణానికి నిన్ను పిలవను" అనేది.

వదిన ఉద్దానం ఆడపడుచు. పలాస వైపు, కొబ్బరి తోటలూ జీడి తోటలూ ఉన్న సీమ అది. పెళ్లి చేసుకుని మా వైపు వచ్చింది. భర్త పోయాక, పిల్లలు లేక, ఫారంలో చేరింది. పుట్టిన ఊరి గురించి ఎంత చెప్పేదో! జీడిపిక్కలు కాల్చే వాసన గురించి, ఇసకలో నడక గురించి. నాన్న ఎలా పోయాడో, పెద్దన్న ఎలా పోయాడో మాత్రం చెప్పేది కాదు.

వర్షాకాలంలో ఒకరోజు మేనేజరు గారిని పెద్ద బూట్లు కావాలని అడిగింది. మేం నీళ్లలో నిలబడే పని, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు ఉండేవి.

"ఇవి మొన్ననే కదండీ తెప్పించాం?"

"బిగుసుకుపోతన్నాయి బాబూ."

"ఓలమ్మ! ఈ వయసులో కాళ్లు ఎదుగుతన్నాయేటే వదినా?" అన్నాను నేను.

"మరేటి! మసిపిల్లలాగే నానూనూ. ఇంకా మార్పులవతన్నాయి."

అందరం నవ్వుకున్నాం. పెద్ద బూట్లు వచ్చాయి.

ఆ తరవాత ఒక పొద్దున్న తొట్టి దగ్గర వంగిన మనిషి లేవలేకపోయింది. గట్టు మీద కూలబడి, గాలి అందక నోరు తెరిచి ఊపిరి తీస్తోంది. మేనేజరు గారి బండి మీద ఇద్దరం పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడి డాక్టరమ్మ ముందు జబ్బు అడగలేదు. "ఏ ఊరమ్మా మీది?" అంది. వదిన పుట్టిన ఊరు చెప్పింది. డాక్టరమ్మ రాస్తున్న పెన్ను పక్కన పెట్టేసింది. ఆ వైపు కిడ్నీల జబ్బు ఎన్ని ఇళ్లు ఖాళీ చేసిందో మా జిల్లాల్లో తెలియనివాళ్లు ఎవరు? తెలియనట్టు ఉన్నది నేనొక్కదాన్నే.

బయట బల్ల మీద కూర్చున్నాక, "నాకు తెలుసు వదినా" అంది. "నాన్నా ఇలగే పోనాడు, పెద్దన్నా ఇలగే పోనాడు. కాళ్లు పొంగినప్పుడే తెలుసు."

"మరి చెప్పవేటి?"

"సెప్తే తొట్టి కాడ నిలబడనిత్తారేటి? మా ఊరి పేరు సెప్తే సంబందాలే రావు. పనెవలిత్తారు?"

మేనేజరు గారు ఆ మాట విన్నాడు. టీ తెస్తానని అటు వెళ్లాడు. చాలాసేపటికి గానీ రాలేదు, టీ లేకుండానే వచ్చాడు.

ఏళ్ల తరబడి ఆవిడకి ఎదురుగా నిలబడ్డాను. ఆవిడ చేతుల మీది ప్రతి మచ్చా నాకు తెలుసు. కాళ్లు మాత్రం ఎప్పుడూ బూట్లలో, నీళ్లలో ఉండేవి.

రక్తం శుద్ధి చేసే మెషీను పలాస వైపు దగ్గరని వదిన పుట్టింటికి వెళ్లిపోయింది. ముసలి తల్లి, ఒక తమ్ముడు ఉన్నారు. రోజు విడిచి రోజు మెషీను. వెళ్లే ముందు నాతో ఒక్కటే చెప్పింది. "మసిపిల్లని ఒగ్గీకు వదినా. నలుపు తేలేదాకా ఉంచు. నాను వచ్చి సూస్తాను."

ఆ తరవాతి ఏరుడులో తొట్టికి అవతల ఎవరూ లేరు. మేనేజరు గారు, "ఆవిడ లేరు కదండీ, ఇక మీ ఒక్క మాటే చాలండి" అన్నాడు. ఫారంలో చోటు తక్కువ, కొత్త పిల్లలు వస్తున్నాయి, ఆయన తప్పేమీ లేదు. నేను తడి చేతులు తుడుచుకుని ఫోను తీశాను.

"వదినా, మసిపిల్ల తొట్టిలో ఉంది. నీ చెయ్యేటి?"

అవతల మెషీను చప్పుడు సన్నగా వినిపిస్తోంది. "ఓ చెయ్యి సూది పెట్టీసి కట్టీసినారే. రెండోది ఖాళీగానే ఉన్నాది. అయినా ఎయ్యను."

ఆ మాట చెబితే మేనేజరు గారు తలూపి, చేపని బోరు నీళ్ల సిమెంటు తొట్టిలోకి మార్పించాడు. బోరు నీళ్లు గట్టి నీళ్లు, పైగా ఆ తొట్టి నీడలో ఉంటుంది. చలీ, గట్టి నీళ్లూ నలుపుని పైకి తెస్తాయని ఆయన లెక్క. ఆ తొట్టి గోడలకి పాచి పట్టి చీకటిగా ఉండేది. ఎవరూ పట్టించుకోని తొట్టి.

కొండ మీంచి చలి దిగింది. ఒకరోజు పొద్దున్న మేత వేస్తుంటే మసిపిల్ల పైకి వచ్చింది. ముక్కు మీద సన్నటి గీత, కాటుక పుల్లతో గీసినట్టు. నేను అక్కడే నిలబడి స్తోత్రం చెప్పుకుని ఫోను చేశాను.

"వచ్చినాదా?"

"గీత వచ్చింది వదినా. భుజాల మీద కూడా మబ్బు పడుతోంది."

"సూసినావా! మేనత్తనన్నావు కదే. ఇంక సీర పెట్టు నాకు."

క్రిస్మస్ నాటికి నలుపు తల మీద మెరుపు తీగలా చీలింది. వదిన గొంతు మాత్రం ఫోనులో రోజురోజుకీ సన్నబడుతోంది. కొత్త సంవత్సరం ఆరాధన అయిన కొన్నాళ్లకి వాళ్ల తమ్ముడు ఫోను చేశాడు. మెషీను లేని రోజు చూసుకుని తీసుకొస్తానన్నాడు. రైల్లో విజయనగరం దాకా వచ్చి, అక్కణ్నించి కారులో వస్తారు. సాయంత్రం రైలుకే వెళ్లిపోవాలి, మర్నాడు పొద్దున్నే మెషీను దగ్గర ఉండాలి.

ఫారం అంతా ఒకటే హడావిడి. మనవైపు ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే ముందు ఏం చేస్తాం? కడుగుతాం. వాకిలి కడుగుతాం, అరుగు కడుగుతాం, కుండ కింద మట్టి కూడా కడుగుతాం. వాచ్‌మన్, మేత వేసే మనిషి, నేను, ప్యాంటు మడిచి మేనేజరు గారు కూడా, అందరం ఆ సిమెంటు తొట్టి మీద పడ్డాం. చేపని పక్క తొట్టిలో పెట్టి, నీళ్లు తోడేసి, కొబ్బరి పీచుతో గోడలు రుద్దాం. పాచి అంతా పోయి సిమెంటు వెన్నెల్లా తేలింది. కొత్త బోరు నీళ్లు నింపాం. మసిపిల్లని తెచ్చి వదిలితే ఎంత ముచ్చటగా ఉందో! అడుగు కనిపించేటంత తేట నీళ్లు, అందులో నలుపూ ఎరుపూ తెలుపూ. "ఆవిడ చూస్తే ఎగిరి గంతేస్తారండీ" అన్నాడు మేనేజరు గారు. గంతు అన్నాక ఆ మాట అనకూడదని తోచి, నాలిక కరుచుకున్నాడు.

వదిన వచ్చే రోజు పొద్దున్న తొట్టి దగ్గరికి వెళ్లాను. మసిపిల్ల మూల నక్కి ఉంది. తల మీద మెరుపు తీగ లేదు. భుజాల మీద మబ్బు లేదు. మళ్లీ అదే కమిలిన నీలం నీడ.

మేనేజరు గారిని పిలిచాను. ఆయన చూసి తల పట్టుకున్నాడు. "అయ్యో, గోడలు తెల్లబడ్డాయి కదండీ! చేప చుట్టూ ఉన్న రంగుని బట్టి రంగు మార్చుకుంటుందండి. తెల్లటి చోట నలుపు దాచేసుకుంటుంది. నాకు తెలుసండీ ఇది. పుస్తకంలో చదివాను. చదివి కూడా తోమాను." ఆయన కళ్లలో నీళ్లు చూడడం నాకు అదే మొదలు. నల్ల గోనెలు తెచ్చి గోడలకి వేలాడదీశాం. అది గంటల్లో అయ్యే పని కాదని మా అందరికీ తెలుసు.

మధ్యాహ్నానికి కారు వచ్చింది. తమ్ముడు పట్టుకుని దింపాడు. ఆవిడలో సగం మనిషే మిగిలింది. కాళ్లు మాత్రం పొంగి, చెప్పులు కూడా పట్టక, ఉత్త కాళ్లతో నడిచి వచ్చి తొట్టి గట్టు మీద కూర్చుంది. ఆ పాదాలు చూడడం నాకు అదే మొదటిసారి.

తొట్టిలోకి చూసింది. గోనెల వంక చూసింది. మళ్లీ తొట్టిలోకి చూసింది.

"ఏటి, కొళాయి కాడ గిన్నెలాగ తోమీసినారా?" అంది.

మేనేజరు గారు గోనె అంచు సరిచేశాడు.

"నాకోసమే?"

"మీకోసమేనండీ" అన్నాడు మేనేజరు గారు, తల వంచుకుని.

వదిన నవ్వడం మొదలుపెట్టింది. ఆయాసం వచ్చి ఆగింది, మళ్లీ నవ్వింది. "ఓలమ్మ, ఎంత పని సేసినారు! నా కోసం ఎవలూ ఎప్పుడూ తొట్టి తోమనేదు." నేను ఏడుస్తున్నాను. "ఏడవకే. నీ కన్నీళ్లు పడితే అది ఉప్పునీళ్ల సేపైపోద్ది. టబ్బు తే."

నీలం టబ్బు తెచ్చి మసిపిల్లని అందులో వదిలాను. వదిన వంగలేకపోయింది. టబ్బు ఎత్తి ఆవిడ ఒళ్లో పెట్టినట్టుగా పట్టుకున్నాం, ఇటు నేను, అటు మేనేజరు గారు. రెక్కల మొదలు చూసింది. చిటికెన వేలు నీళ్లలో పెట్టింది. చేప కదలలేదు.

"ఉన్నాది" అంది. "బయపడి దాక్కున్నాది. అంతే."

మెరుపు తీగ ఎలా వచ్చిందో, ఎక్కడ చీలిందో చెప్పమంది. నేను ఆవిడ మొహం మీద వేలితో గీసి చూపించాను. కుడి కనుబొమ మీంచి మొదలై, ముక్కు మీదుగా, ఎడమ చెంప దాకా. కళ్లు మూసుకుని గీయించుకుంది.

"బాగున్నాది" అంది.

కారు ఎక్కే ముందు నా చెయ్యి పట్టుకుంది. "వదినా, మీ పెబువు కాడ ఒక మాట కనుక్కో. పైన ఏరుతారేటి?"

నవ్వుతాలుకి అడగలేదు.

"ఏరరు వదినా" అన్నాను. నేను పాదిరిని కాను, పెద్ద చదువులు చదివినదాన్ని కాను. మా నాన్న వేలు పట్టి చదివించిన పుస్తకంలోంచి నాకు అర్థమైనది అదే. అదే చెప్పాను.

"అయితే ఎల్తాను" అంది.

జీడి పూత వచ్చే రోజుల్లో వదిన పోయింది. నేను వెళ్లేసరికి అంతా అయిపోయింది. వాళ్ల తల్లికి చూపు ఆనదు, నన్ను తడిమి చూసి, "ఎవలమ్మా, సేపల కాడి వదినవేనా?" అంది. తిరుగు రైల్లో చీపురుపల్లి దాటేదాకా కిటికీ వైపే తిరిగి కూర్చున్నాను.

తొట్టిని మళ్లీ ఎవరూ ముట్టుకోలేదు. గోడలకి మెల్లగా పాచి పట్టింది. చలి కూడా పోతోంది, ఇక రాదనుకున్నాం. ఏరుడు రోజు వచ్చింది. కొత్త పిల్లలకి చోటు చెయ్యాలి. మసిపిల్లని నీలం టబ్బులోకి తీసి వంగి చూశాను.

కుడి కన్ను మీంచి మొదలై, ముక్కు మీదుగా, ఎడమ చెంప దాకా. వీపు మీద నల్లటి పట్టీలు, పొట్ట దాకా చుట్టుకుని. ఇన్నేళ్లలో అంత చిక్కటి నలుపు నేను చూడలేదు. మేనేజరు గారు నా పక్కన వంగి తల నుంచి తోక దాకా చూశాడు. తరవాత మెల్లగా, "ఇది ఇక ఫారం దాటదండీ, తల్లిచేపగా ఉంచుకుందాం. మీరేమంటారు?" అన్నాడు.

అవతలి పక్క ఖాళీ. నేను చేతులు తుడుచుకుని, అలవాటు కొద్దీ వదిన నంబరుకి ఫోను చేశాను. చేశాక గానీ ఏం చేశానో తెలియలేదు. పెట్టేద్దామనుకునేలోపే అవతల తల్లి ఎత్తింది.

"ఎవలమ్మా?"

"నేనమ్మా, చేపల కాడి వదినని. ఏం లేదమ్మా... నలుపు వచ్చింది. అది చెబుదామని."

"నలుపా?" ముసలి ప్రాణం కంగారు పడింది. "ఎవలికమ్మా? మంచిదేనా అది?"

"మీ అమ్మాయి చూసిన చేపకమ్మా. మంచిదే. చాలా మంచిది."

అవతల కోడి ఒకటి అరుస్తోంది.

"మంచిదైతే ఉండనీ అమ్మా" అంది. "ఒగ్గీకండి."

ఫోను పెట్టేసి మేనేజరు గారి వైపు తిరిగాను. ఆయన ఇంకా నా మాట కోసమే చూస్తున్నాడు.

"ఇద్దరి మాటా అయింది బాబూ" అన్నాను. "ఉంచుదాం."